నాలుగేళ్లు దగ్గరగా చూసిన ఒక ఇంజినీరింగ్ కాలేజీ: ఒక తల్లి సమీక్ష

మా అమ్మాయి 2021లో చేరి 2025లో బి.టెక్. పూర్తి చేసిన ఇంజినీరింగ్ కాలేజీ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. హైదరాబాద్ శివారులో, ఔటర్ రింగ్ రోడ్డు దాటిన తరువాత ఉన్న ప్రైవేటు కాలేజీ అది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు అనుబంధంగా ఉంటూ స్వయంప్రతిపత్తి పొందింది. పేరు రాయకపోవడానికి కారణం ఉంది. ఇబ్రహీంపట్నం వైపు వెళ్లినా, ఘట్‌కేసర్ వైపు వెళ్లినా, మేడ్చల్, మొయినాబాద్ దారుల్లో వెళ్లినా ఇలాంటి కాలేజీలు వరుసగా కనిపిస్తాయి. నేను చెప్పబోయే మంచిచెడ్డలు వాటిలో చాలావాటికి ఎంతో కొంత వర్తిస్తాయి. పైగా మా పిల్లతో చదివినవారిలో కొందరు ఇంకా అక్కడే మిగిలిపోయిన సబ్జెక్టులు రాస్తున్నారు, నా మాటల వల్ల వాళ్లకు ఇబ్బంది రాకూడదు. నేను నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఏటా ఎంసెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష, 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అయినా మాకు పాత పేరే అలవాటు) ఫలితాలు రాగానే మా పాత విద్యార్థుల తల్లిదండ్రులు ఇంటికి వచ్చి, ‘మేడమ్, ఈ ర్యాంకుకు ఏ కాలేజీ పెట్టమంటారు’ అని అడుగుతారు. వాళ్లకు విడివిడిగా నోటితో చెప్పే సంగతులన్నీ ఒకచోట రాసి పెడితే ఇంకొందరికి కూడా పనికివస్తాయని అనిపించింది.

ముందు మేము ఆ కాలేజీని ఎలా ఎంచుకున్నామో చెప్పాలి. 2021లో కరోనా కారణంగా ఇంటర్ పరీక్షలు రద్దయ్యాయి, ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు ఇచ్చే వెయిటేజీని ఆ ఏడు తీసేశారు, పరీక్ష ఆగస్టులో జరిగింది. కాలేజీలకు వెళ్లి చూసి వచ్చే పరిస్థితి లేదు. అంతకుముందు ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూపే పట్టిక కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, దాన్నే అందరూ లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ అంటారు. మా వారు దాన్ని ప్రింటు తీయించి, మా అమ్మాయి ర్యాంకుకు అటూ ఇటూ ఉన్న కాలేజీల కింద ఎర్ర పెన్నుతో గీతలు గీశారు. సీట్లు తొందరగా నిండిన కాలేజీని పైన, ఆలస్యంగా నిండినదాన్ని కింద పెట్టి నలభైకి పైగా ఆప్షన్లు ఇచ్చాం. మా అమ్మాయికి ఈసీఈలో, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ బ్రాంచిలో సీటు వచ్చింది, ఆ రోజు అందరం సంతోషించాం. ఆ పట్టిక నిజంగా చెప్పేది నిరుడు మనలాంటి తల్లిదండ్రులు ఏ కాలేజీని ముందు పెట్టారన్న సంగతి మాత్రమేనని, వాళ్లు కూడా అంతకుముందు ఏడాది పట్టికను చూసే ఆ పని చేసి ఉంటారని నాకు ఆ తరువాత చాలా రోజులకు తట్టింది.

బ్రోచరు మొదటి పేజీలో ఇంకో ర్యాంకు ఉండేది, అది కేంద్ర విద్యాశాఖ ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు. దానికి ఐదు కొలతలు ఉన్నాయి: బోధనకు, వనరులకు కలిపి 30 శాతం, పరిశోధనకు 30, చదువు పూర్తి చేసినవారి ఫలితాలకు 20, అన్ని ప్రాంతాల వారికి, వర్గాల వారికి, ఆడపిల్లలకు ఇచ్చే చోటుకు 10, విద్యారంగంలోనూ కంపెనీల్లోనూ ఆ సంస్థ మీద ఉన్న అభిప్రాయానికి 10. ఎంతమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉన్నారు, పీహెచ్‌డీ ఉన్నవారెందరు, ఎన్ని పరిశోధన పత్రాలు వచ్చాయి, ఎన్ని పేటెంట్లు తీసుకున్నారు వంటివి అందులో లెక్కిస్తారు. ఈ లెక్కను నేను తప్పుపట్టడం లేదు, దేశంలోని కాలేజీలన్నిటినీ పక్కపక్కన నిలబెట్టి చూడాలంటే లెక్కకు అందేవాటినే తీసుకోవాలి. అయితే ఉదయం ఆరింటికి లేచి రాత్రి పదింటికి పడుకునే పద్ధెనిమిదేళ్ల పిల్ల ఆ ఆవరణలో ఏం చేయగలుగుతుంది, ఏం చేయలేకపోతుంది అన్నది ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. మా నాలుగేళ్లలో మంచైనా చెడైనా జరిగినదంతా ఆ పదహారు గంటల్లోనే జరిగింది. కాబట్టి ఈ సమీక్షను కూడా ఆ గంటలను బట్టే రాస్తున్నాను.

హాస్టల్‌ను నేను లోపలి నుంచి చూసింది రెండో ఏడాదిలో. 2022 వర్షాకాలంలో అమ్మాయికి డెంగీ వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువెళ్లిన పది రోజులకే సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్షలు వచ్చాయి, రాయకపోతే ఇంటర్నల్ మార్కులు పోతాయి. నేను సెలవు పెట్టి, వార్డెన్ మేడమ్‌ను బతిమాలుకుని, మూడు రాత్రులు పిల్ల గదిలోనే ఉన్నాను. నలుగురు ఉండే గది, నాలుగు ఇనుప మంచాలు, నాలుగు బీరువాలు, ఒకటే కిటికీ. గదులు శుభ్రంగా ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, దోమతెరలు కట్టుకోనిస్తారు, అంతవరకు ఏ వంకా లేదు. ఇబ్బందంతా నీళ్లతోనే. ప్రతి అంతస్తులో నీళ్లు ఐదున్నర నుంచి ఏడున్నర వరకే వచ్చేవి. పిల్లలు రాత్రే బకెట్లు తెచ్చి స్నానాల గదుల ముందు వరుసగా పెట్టి, ఒక్కో బకెట్ మీద ఒక్కో పేరు రాసి ఉంచేవారు. ఐదింటికి లేచినవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు, ఆరున్నరకు లేచిన పిల్ల తలస్నానం చేయాలంటే మరుసటి రోజుదాకా ఆగాల్సిందే. మార్చి దాటితే బోరు ఎండిపోయి ట్యాంకర్లు వచ్చేవి, ఆ నీళ్లతో జుట్టు ఊడిపోతోందని పిల్లలంతా గోల పెట్టేవారు. చేర్పించేటప్పుడు ఆఫీసులో అడిగితే ‘నీళ్లకు ఏ ఇబ్బందీ లేదండీ’ అన్నారు. ఎవరినైనా అడగాల్సింది ఏప్రిల్ నెల నీళ్ల గురించి అని, అడగాల్సిన మనిషి రెండో అంతస్తులో ఉండే విద్యార్థిని అని ఆ మూడు రోజుల్లో నాకు అర్థమైంది.

మెస్ గురించి పిల్లలు చెప్పేదానికంటే కొంచెం మెరుగ్గానే చెప్పాలి. సోమవారం ఉప్మా, మంగళవారం ఇడ్లీ, బుధవారం పులిహోర, రాత్రికి కోడిగుడ్డు కూర, ఆదివారం మధ్యాహ్నం చికెన్. చారు పల్చగా ఉన్నా వేడిగా ఉండేది, అన్నం ముద్ద కాకుండా వండేవారు. ఒంట్లో బాగాలేని పిల్లకు పెరుగన్నం, మజ్జిగ విడిగా తీసి పెట్టిన వంటమనిషి ఆదెమ్మ వయసు మళ్లిన పెద్దామె, నేను వెళ్లేటప్పుడు ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు. ఆమె వల్లనే నాకు ఆ మెస్ మీద కోపం లేదు.

ఈ సమీక్షలో నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచినది లైబ్రరీ సంగతి. లైబ్రరీ నిజంగా బాగుంది. మూడంతస్తుల భవనం, పాత ప్రశ్నపత్రాలు బైండు చేసి పెట్టారు, పాఠ్యపుస్తకాలు ఒక్కోటి పది పదిహేను కాపీలు ఉన్నాయి, కూర్చునే చోట ప్లగ్ పాయింట్లు ఉన్నాయి. రాత్రి ఎనిమిది వరకు తెరిచి ఉంటుందని బ్రోచరులో రాశారు, అది అబద్ధం కాదు. కానీ ఆడపిల్లల హాస్టల్ గేటు ఆరున్నరకు వేసేవారు, మగపిల్లల హాస్టల్ గేటు తొమ్మిదిన్నరకు. తరగతులు నాలుగు గంటలకు అయిపోతాయి, టీ తాగి, రికార్డు మీద సంతకం పెట్టించుకుని లైబ్రరీకి వెళ్లేసరికి ఐదు అవుతుంది, ఆరుంబావుకు మళ్లీ లేచి రావాలి. అంటే మగపిల్లలకు మూడు గంటలు దొరికే లైబ్రరీ ఆడపిల్లలకు గంటంబావు దొరికేది. ఫీజు ఇద్దరికీ ఒకటే. ఎన్‌ఐఆర్‌ఎఫ్ లెక్కలో ఆడపిల్లలు ఎందరున్నారన్న దానికి మార్కులు ఉన్నాయి, ఆ పిల్లలకు లైబ్రరీ ఎన్ని గంటలు అందుతోందన్న దానికి లేవు.

ఈ సంగతి మా అమ్మాయి చెప్పగానే నేను ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశాను. ‘మీ పిల్లల భద్రత కోసమేనండీ’ అని జవాబు వచ్చింది. భద్రత కావాలన్నది నిజమే, అయితే లైబ్రరీకీ హాస్టల్‌కూ మధ్య దూరం మూడు వందల అడుగులు కూడా ఉండదు, దారిలో దీపాలు ఉన్నాయి, కాపలాదారు ఉన్నాడు. మరో పదకొండు మంది తల్లిదండ్రులను ఫోన్లలో కూడగట్టి, అందరి సంతకాలతో మరో ఉత్తరం పంపాం. మూడో ఏడాది మొదట్లో హాస్టల్ కింది అంతస్తులో ఒక హాలు ఖాళీ చేయించి, బల్లలు వేసి, రాత్రి పదకొండు వరకు చదువుకోనిచ్చారు. పుస్తకాలు మాత్రం అందులో పెట్టలేదు. ఆ హాలు ఇప్పటికీ నడుస్తోందని విన్నాను. అడిగితే కదిలే యాజమాన్యమే అది, ఆ మాట కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

చదువు చెప్పడం విషయానికి వస్తే, బాగా చెప్పేవారు ఉన్నారు, వారిని నిలుపుకోవడమే కాలేజీకి చేతకాలేదు. రెండో ఏడాదిలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టును ఒకే సెమిస్టర్‌లో ముగ్గురు చెప్పారు. అందులో ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పాఠాన్ని మొదటి మేడమ్ మొదలుపెట్టారు, రెండో సార్ మళ్లీ మొదటి నుంచి చెప్పారు, మూడో ఆయన అది అయిపోయిందనుకుని ముందుకు వెళ్లారు. ఈసీఈలో తరువాత వచ్చే సగం సబ్జెక్టులకు పునాది అది. సంక్రాంతి సెలవుల్లో నేనే కూర్చుని సమాకలనం దగ్గర నుంచి మళ్లీ చెప్పుకుంటూ వచ్చాను, నాకు తెలిసినంత మేరకు. జీతాలు నెలల తరబడి ఆలస్యమవుతున్నాయని, అందుకే వెళ్లిపోతున్నారని ఒక అధ్యాపకురాలు వెళ్లేటప్పుడు పిల్లలతో అన్నారట. ఇంతమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని, సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధన, ఆ లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంటుంది. ఎవరు ఎన్నాళ్లుగా ఉన్నారన్నది చూడాలి. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో మాండేటరీ డిస్‌క్లోజర్ అనే పత్రం పెట్టాలి. అందులో ఉన్న అధ్యాపకుల జాబితాను నిరుటి జాబితాతో పోల్చి, మన బ్రాంచిలో ఎన్ని పేర్లు మారాయో చూస్తే అరగంటలో తేలిపోతుంది. నాక్, ఎన్‌బీఏ అనేవి చదువు నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థలు. నాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి ఇస్తారు. ఈ తేడా తెలియక, ఎన్‌బీఏ అని బోర్డు మీద చూసి, మన పిల్ల చేరే బ్రాంచికి అది ఉందో లేదో అడగనివాళ్లు మా స్టాఫ్‌రూమ్‌లోనే నలుగురు ఉన్నారు.

ల్యాబ్ గురించి నేను కొంచెం ఎక్కువగానే రాయాలి, ఎందుకంటే మా పిల్లకు ఆ కాలేజీ ఇచ్చిన మేలంతా అక్కడే ఉంది. మొదట్లో ల్యాబ్ అంటే రికార్డు రాయడమే. ఐదుగురికి ఒక బల్ల, కరెంటు తరంగాన్ని తెర మీద చూపే ఒక ఆసిలోస్కోపు. ఒకరు తీగలు కలిపితే మిగతా నలుగురు చూసి అంకెలు రాసుకునేవారు. రెండో ఏడాది చివర్లో ఒక సాయంత్రం మా అమ్మాయి కట్టిన ఆంప్లిఫయర్ సర్క్యూట్‌లో తరంగం రావాల్సిన చోట తెర మీద సాఫీ గీత వచ్చిందట. అందరూ వెళ్లిపోయారు, తాళం వేసే సమయం అయింది. ల్యాబ్ అసిస్టెంట్‌గా ఇరవై ఏళ్లకు పైగా ఉన్న పెద్దాయన తాళం పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, ‘ముందు సప్లై వస్తుందో లేదో చూడమ్మా, తరువాత విడిభాగాల కాళ్లు ఒక్కొక్కటే చూసుకుంటూ రా’ అన్నారట. సర్క్యూట్ కట్టే చిల్లుల పలక, అంటే ఆ బ్రెడ్‌బోర్డులో పై వరుస మధ్యలో తెగి ఉంటుందని, ఆ సగం నుంచి ఈ సగానికి తీగ వేయకపోతే కరెంటు దాటదని ఆ రోజు తెలిసింది. ‘పుస్తకంలో ఇది లేదమ్మా’ అని ఆ రాత్రి ఫోన్‌లో ఎంత సంతోషంగా చెప్పిందో నాకు ఇంకా గుర్తుంది. ఆ తరువాత వారానికి రెండు మూడు సాయంత్రాలు ఆయన ఆరు వరకు ల్యాబ్ తెరిచి ఉంచేవారు, నలుగురైదుగురు పిల్లలు వెళ్లేవారు. ఆయనకు దానికి అదనంగా ఒక్క రూపాయి కూడా రాదు. బ్రోచరులో ఆయన ఫొటో లేదు, ఆయన పనిచేసే ల్యాబ్ ఫొటో మాత్రం ఉంది.

నాలుగో ఏడాది ప్రాజెక్టు దగ్గర ఈ మేలు తేటతెల్లంగా కనిపించింది. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలో డబ్బు కడితే ప్రాజెక్టు, రిపోర్టు, వైవాలో (మౌఖిక పరీక్షలో) అడిగే ప్రశ్నలకు జవాబులతో సహా కట్టి ఇచ్చే చోట్లు ఉన్నాయి, ఆ సెక్షన్‌లో చాలామంది అలాగే తెచ్చుకున్నారు. కాలేజీలో ఎవరూ కాదనలేదు, అది నాకు బాధ కలిగించిన విషయం. మా అమ్మాయి, ఇంకో ఇద్దరు కలిసి వరి పొలంలో మోటారును తేమను బట్టి ఆపే చిన్న పరికరం చేద్దామనుకున్నారు, మా ఊళ్లో రాత్రి కరెంటుకు మోటారు వేసి నిద్రపోయే రైతులను చూసి పుట్టిన ఆలోచన అది. సెన్సార్లు, రిలేలు, మైక్రోకంట్రోలర్ బోర్డు కొనడానికి కోఠీలోని గుజరాతీ గల్లీకి ఎన్నిసార్లు వెళ్లారో లెక్కలేదు. అక్కడి దుకాణాల్లో పదిహేను రూపాయల విడిభాగం కూడా విడిగా ఇస్తారు. మొదటి సెన్సారు వారం రోజులకే తుప్పు పట్టింది, రెండో రకం తెచ్చారు, అదీ తడిమట్టిలో నిలకడగా అంకె చూపలేదు. చివరికి పనిచేసింది గాని పొలంలో ఒక పంట కాలం నిలిచేంత గట్టిది కాలేదు. అయినా వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ‘ఎక్కడ విఫలమైంది’ అని అడిగితే ముగ్గురూ అరగంట చెప్పగలిగారు.

కోఠీ ప్రయాణాల మాట వచ్చింది కాబట్టి బస్సుల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. కాలేజీ బస్సు రుసుము ఏడాది మొత్తానికి ముందే కట్టాలి, మధ్యలో మానేస్తే తిరిగి ఇవ్వరు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక, ఇంటి నుంచి వచ్చే ఆడపిల్లలు చాలామంది కాలేజీ బస్సు మానేశారు, ఆ ఏడు కట్టిన డబ్బు మాత్రం పోయింది. హాస్టల్ పిల్లలు ఆదివారం పూట నగరంలోకి వెళ్లి రావడం ఆ తరువాతే మొదలుపెట్టారు. కాలేజీ గేటు నుంచి ఆర్టీసీ స్టాపు ఎంత దూరం, చివరి బస్సు ఎన్నింటికి అన్నవి చిన్న ప్రశ్నలుగా కనిపిస్తాయి గాని, నగరంలో ఉన్న ప్రదర్శనలు, వర్క్‌షాపులు, పుస్తకాల దుకాణాలు మన పిల్లకు అందుతాయో లేదో తేల్చేవి అవే.

హాజరు నిబంధన కఠినంగానే ఉంటుంది, ఉండాలి కూడా. 75 శాతం తప్పనిసరి; 65కీ 75కీ మధ్య ఉంటే వైద్య ధ్రువపత్రం పెట్టి, రుసుము కట్టి మినహాయింపు పొందవచ్చు; 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. డెంగీ వచ్చిన సెమిస్టర్‌లో మా అమ్మాయి హాజరు 69 దగ్గర ఆగింది. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం ఇచ్చిన రోజే మినహాయింపు ఇచ్చారు, ఎవరూ తిప్పలేదు. ఆఫీసులోని ఆ గుమాస్తా పనితీరుకు నేను పూర్తి మార్కులు ఇస్తాను.

డబ్బు దగ్గర మాత్రం మార్కులు తగ్గించక తప్పదు. ట్యూషన్ ఫీజును రాష్ట్రంలోని ఫీజు నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి నిర్ణయిస్తుంది, దాని మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోలేదు. దాని చుట్టూ చేరే చిన్న రుసుములే భారం: ప్లేస్‌మెంట్ శిక్షణకు ఒకటి, ఏదో సర్టిఫికెట్ కోర్సుకు ఒకటి, వార్షికోత్సవానికి ఒకటి. మేమిద్దరం ఉద్యోగస్తులం, ఎలాగో కట్టాం. మా అమ్మాయి గదిలోని ఒక పిల్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివింది. ఆ పథకానికి అర్హత ఉన్నవారికి ఎంసెట్‌లో పది వేల లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు ప్రభుత్వం ఇస్తుంది, ఆ పైన ర్యాంకు వచ్చిన పిల్లల్లో చాలామందికి ఇచ్చేది 35,000 రూపాయలే, మిగతాది ఇంట్లోవాళ్లు కట్టుకోవాలి. ఆ పిల్ల తల్లిదండ్రులు తమ వంతు ఎప్పటికప్పుడు కట్టారు, ప్రభుత్వం నుంచి రావాల్సినది రాలేదు. కోర్సు అయిపోయాక ఆ బాకీ చూపించి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వలేదు. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడుతుంటే ఆ పిల్ల తండ్రి పత్తి చేను మీద అప్పు తెచ్చి కట్టి తీసుకున్నాడు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వం బకాయి పడితే కాలేజీకి కష్టమే, అది నేను కాదనను, అయినా ఆ కష్టాన్ని పత్తి రైతు మీదికి నెట్టడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు. ఈ ఒక్క కారణానికే, రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడే కుటుంబం ఎవరైనా అడిగితే ఈ కాలేజీ వద్దనే చెబుతున్నాను.

ఉద్యోగాల గురించి గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ ఉంటుంది, అందులో అత్యధిక ప్యాకేజీ వచ్చిన పిల్లల ఫొటోలు ఉంటాయి. ఆ పిల్లల కష్టం నిజం, వాళ్లను చూసి గర్వపడాలి. కానీ ఎంపికకు పనికివచ్చే అంకె అది కాదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు వివరాలు పంపిన ప్రతి కాలేజీ ఆ పత్రాన్ని తన వెబ్‌సైట్‌లోనే ఉంచాలి. అందులో ఏడాదివారీగా ఎందరు చేరారు, ఎందరు నిర్ణీత కాలంలో పూర్తి చేశారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, వారి జీతాల్లో మధ్యగతం ఎంత, పై చదువులకు ఎందరు వెళ్లారు అన్నవి వరుసగా ఉంటాయి. మధ్యగతం అంటే పిల్లలందరినీ జీతం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడే పిల్ల జీతం, మనం పదో తరగతిలో చెప్పేదే. ఫ్లెక్సీ మీది అంకెకూ ఈ అంకెకూ మధ్య ఆరేడు రెట్ల తేడా ఉంది. చేరినవారి సంఖ్య పక్కన నాలుగేళ్లలో పూర్తి చేసినవారి సంఖ్య పెట్టి చూస్తే, ఆ కాలేజీలో ఎంతమంది వెనకబడిపోతున్నారో కూడా తెలుస్తుంది. ర్యాంకుకు నేను ఇచ్చే విలువ ఈ పత్రం వల్లనే, ర్యాంకు కోసం వాళ్లు రాసి ఇవ్వాల్సిన వివరాలు మనకు ర్యాంకు కంటే ఎక్కువ పనికివస్తాయి. మా అమ్మాయికి క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలో, చేరే తేదీ మూడుసార్లు వాయిదా పడింది. ఈలోగా హైదరాబాద్‌లోనే నీటి మీటర్లకు, పంపులకు ఎలక్ట్రానిక్ బోర్డులు చేసే చిన్న సంస్థలో ప్రాజెక్టు చూపించి ఉద్యోగం సంపాదించుకుంది. జీతం తక్కువ, పని తనకు నచ్చింది.

మొత్తం మీద ఈ కాలేజీకి నేను ఐదుకు మూడు ఇస్తాను. ల్యాబ్, లైబ్రరీ భవనం, ఆఫీసు సిబ్బంది దాన్ని మూడు దాకా తెచ్చారు. నీళ్లు, అధ్యాపకుల రాకపోకలు, సర్టిఫికెట్ల వ్యవహారం ఆ పైకి వెళ్లనివ్వలేదు.

మా అబ్బాయి ఈ ఏడాది ఎంసెట్ రాశాడు. ఏప్రిల్‌లో ఒక మంగళవారం, సెలవూ పండుగా లేని రోజు చూసి, వాళ్ల అక్క వాడిని మూడు కాలేజీలకు తీసుకువెళ్లింది. ఆఫీసుకు వెళ్లలేదు, సాయంత్రం నాలుగున్నర దాకా ఆగి ల్యాబ్‌లు ఉన్న వైపు నడిచారు. ఒకచోట అన్ని తలుపులకూ తాళాలు ఉన్నాయి. ఇంకోచోట, పట్టికలో మా అమ్మాయి కాలేజీ కంటే చాలా కింద ఉన్న కాలేజీలో, ఐదున్నరకు కూడా కంప్యూటర్ ల్యాబ్‌లో పదిమంది ఉన్నారు, వారిలో నలుగురు ఆడపిల్లలు. ‘హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారు’ అని అమ్మాయి వాళ్లను అడిగితే ‘ఎనిమిదిన్నరకు అక్కా, పరీక్షలప్పుడు తొమ్మిదిన్నర’ అన్నారట. తను అడిగింది తమ్ముడి కోసం కాదని నాకు తెలుసు. జూలైలో ఆప్షన్లు ఇచ్చేటప్పుడు ఈసారి ఎర్ర పెన్ను మా అమ్మాయి చేతిలో ఉంది. తను చదివిన కాలేజీని మూడో ఆప్షన్‌గా పెట్టించింది, ఐదున్నరకు ల్యాబ్‌లో పిల్లలు కనిపించిన కాలేజీని రెండోదిగా. సీటు రెండోదానిలోనే వచ్చింది. చేరి కొన్ని నెలలే అయింది కాబట్టి దాని గురించి ఇంకేమీ రాయలేను. నీళ్ల సంగతి చెప్పాలంటే వచ్చే ఏప్రిల్ దాకా ఆగాలి.